రెండో కన్ను మరిచిపోకు

నాయనా చిన్నా,

నాయనమ్మ పేరున ఊళ్ళో వంద మందికి ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయించాలని అనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు హైస్కూలు ఆవరణలో షామియానా వేయించి, పట్నం నుంచి డాక్టర్లను రప్పించి, ఒక్క రోజులో అంతా కానిచ్చేద్దామని అన్నావట. చాలా సంతోషం. అంత దూరాన ఉండి కూడా ఊరి ముసలివాళ్ళను తలుచుకున్నావు. కాకపోతే మీ పెద్దమ్మ ఉద్యోగమంతా కంటి వార్డులోనూ ఆపరేషన్ థియేటర్లోనూ గడిచింది కాబట్టి, డబ్బు పంపే ముందు నా మాట కాస్త చెవిన వేసుకో.

నువ్వు ఇవ్వాలనుకుంటున్నది చూపు. ఆపరేషన్ అందులో ఒక భాగం, అదీ పది నిమిషాల భాగం. దానికి ముందు కొన్ని వారాలున్నాయి, తర్వాత నెలన్నర ఉంది. దాతలు సంతోషంగా డబ్బిచ్చేది ఆ పది నిమిషాలకి. ముసలివాళ్ళకి చూపు దక్కకుండా పోయేది ఎక్కువగా ఆ ముందు వెనకల్లో. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్కే.

శుక్లం అంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది. కంటి లోపల పుట్టుకతో ఉండే కటకం వయసు మీద పడేకొద్దీ మసకబారుతుంది. చుక్కల మందుకీ, ఆకు పసరుకీ అది కరగదు. తీసి వేరేది పెట్టడం ఒక్కటే దారి. ప్రపంచంలో మనుషులు గుడ్డివాళ్ళు కావడానికి ఇప్పటికీ మొదటి కారణం ఇదే. మన ప్రభుత్వం 1976లోనే అంధత్వ నివారణకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా ప్రతి ఊళ్ళోనూ గోడ పట్టుకుని నడిచే ముసలమ్మలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

మా అత్తగారికి, అంటే మీ నాయనమ్మకి, ఆపరేషన్ అయిన రోజుల్లో పద్ధతి వేరు. మసకబారిన కటకాన్ని దాని సంచీతో సహా మొత్తం తీసేసి, కన్నుకి కట్టు కట్టి, తల కదపకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. లోపల లెన్సు వేయడం అప్పట్లో మన దగ్గర లేదు. బదులుగా సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవాళ్ళు. వాటిలోంచి చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే పాతిక ముప్పై శాతం పెద్దగా కనిపిస్తుంది, పక్కలకి ఏమీ కనపడదు. ఆవిడ గడప దాటాలంటే కాలు ఎంత ఎత్తాలో తెలియక నిలబడిపోయేది. ఒకసారి ఆ అద్దాలు బావి గట్టు మీద పడి పగిలాయి. గుంటూరు నుంచి కొత్తవి వచ్చేదాకా ఆవిడ ఆపరేషన్‌కి ముందు ఎలా ఉందో అలాగే ఉంది. మజ్జిగ గ్లాసు నిండిందో లేదో వేలు ముంచి చూసుకునేది.

ఆ తరం డాక్టర్లని నేను తక్కువ చేయను. పంజాబులో మోగా పట్నపు మథురాదాస్ పహ్వా, కర్ణాటకలో ఎం.సి. మోదీ లాంటివాళ్ళు ఆసుపత్రి ముఖం చూడని జనానికి ఊళ్ళోకే వెళ్ళి ఆపరేషన్లు చేశారు. మోదీ ఒక్క రోజులో 833 శుక్లాలు తీశారని గిన్నిస్ పుస్తకంలో రాశారు. కంటి డాక్టరే దొరకని కాలంలో అదే మహాభాగ్యం. ఇప్పుడు కాలం మారింది గానీ ఒక్క రోజులో ఎన్ని చేశామనే మోజు మనల్ని వదలలేదు. నీ వంద అంకె కూడా అక్కడి నుంచి వచ్చిందే.

కాలం ఎలా మారిందో కూడా విను, నీ డబ్బు ఎక్కడ పెట్టాలో అందులోనే తెలుస్తుంది. 1949 నవంబరులో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి కంటి లోపల ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. యుద్ధంలో విమానం అద్దాల తునకలు పైలట్ల కళ్ళలో ఇరుక్కుపోయినా కన్ను వాటిని భరించడం చూసి ఆయనకా ఆలోచన వచ్చింది. ఆ లెన్సు మన పల్లెల పేదవాళ్ళ కళ్ళ దాకా రావడానికి నలభై ఏళ్ళు దాటింది. అడ్డుపడింది ధరే. బయటి దేశాల నుంచి తెచ్చుకుంటే ఒక్కోటి వంద డాలర్ల పైమాట. 1992లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఆరోలాబ్ అనే సంస్థ పెట్టి లెన్సులు అక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. ధర పది డాలర్ల దగ్గరికి దిగింది, తర్వాత ఇంకా తగ్గింది. అందుకు అమెరికాలోని సేవా ఫౌండేషన్ వంటి దాతలు అండగా నిలిచారు. ఆ దాతలు ఫలానా ఊళ్ళో ఇన్ని కళ్ళు అని లెక్క అడిగి ఊరుకుని ఉంటే లెన్సుల తయారీ మొదలయ్యేది కాదు. 1994 తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల మీద పెద్ద కార్యక్రమం నడిచింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. సోడాబుడ్లు పోయి లోపలి లెన్సులు మామూలైంది ఆ రోజుల్లోనే.

ఇక హైస్కూలు సంగతి. అక్కడ ఆపరేషన్లు అన్న మాట ఇక ఎత్తకు. 1986 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఒక ఉచిత కంటి శిబిరం పెట్టారు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు 88 మంది. వాళ్ళలో 84 మందికి ఆపరేషన్ చేసిన కన్ను పాడైపోయింది. కన్ను కడగడానికి వాడిన సెలైన్‌లో క్రిములు చేరాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1989లో తీర్పు వచ్చింది. అంతకుముందు ఇచ్చిన 5,000 రూపాయలు కాక ఒక్కొక్కరికి మరో 12,500 ఇమ్మన్నారు. కన్ను ఖరీదు అంతేనా అని నన్నడగకు. ఆ శిబిరం పెట్టినవాళ్ళు కూడా నీలాగా మంచి మనసుతో పెట్టినవాళ్ళే. బడి గదిలో దుమ్ము ఉంటుంది, నీళ్ళు ఎక్కడివో తెలియదు, ఒకరికి వాడిన పనిముట్లు ఇంకొకరికి వాడే లోపు ఆటోక్లేవ్‌లో పూర్తిగా శుద్ధి అయ్యాయో లేదో చూసే మనిషి ఉండడు. అందుకే ఇప్పుడు ఊళ్ళో పరీక్ష చేసి, ఆపరేషన్‌కి ఆసుపత్రికే తీసుకెళ్ళాలనేది పద్ధతి. ఈ పని ఏళ్ళ తరబడి చేస్తున్న ఆసుపత్రులు మనకి ఉన్నాయి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మన గుంటూరు పక్కనే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. షామియానా వేయాలనిపిస్తే పరీక్షల వరకు వెయ్యి.

ఇప్పుడు ముందు వారాల సంగతి చెబుతా. శిబిరం పెట్టావంటే రాగలిగినవాళ్ళు వస్తారు. నీకు కావలసినవాళ్ళు రాలేనివాళ్ళు. ఆడవాళ్ళలో శుక్లాలు ఎక్కువ, ఆపరేషన్లు మాత్రం మగవాళ్ళకే ముందు అవుతాయి. తాతకి కనపడకపోతే అరుగు మీద కూర్చుని అందరినీ కేకలేస్తాడు, కొడుకు బండి ఎక్కించుకుని తీసుకెళతాడు. అమ్మమ్మ అలవాటు మీద పొయ్యి వెలిగించి, తడుముకుంటూ బియ్యం కడిగి, కనపడకపోయినా పని జరుపుతుంది గనక ఆవిడ కన్ను సంగతి ఎవరికీ పట్టదు. అడిగితే ఏమంటుందో తెలుసా? “ఇంకెన్నాళ్ళుంటానమ్మా, నాకెందుకీ దండగ?” అంటుంది. ఇంకొకావిడ “శుక్లం ఇంకా ముదరలేదట” అంటుంది. మూడో ఆవిడ “ఎండాకాలం కోస్తే కన్ను చీము పడుతుందట” అంటుంది. ఈ చివరి రెండూ పాత మాటలు. లెన్సు వేసే పద్ధతిలో ముదిరేదాకా ఆగాల్సిన పని లేదు, ఆగితే కంట్లో ఒత్తిడి పెరిగి మొదటికే మోసం రావచ్చు. శుభ్రమైన థియేటర్లో ఏ కాలమైనా ఒకటే. కానీ ఇవి మైకులో చెబితే తలకెక్కేవి కావు. ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఒకసారి కాదంటే వారం పోయాక మళ్ళీ వెళ్ళి చెప్పాలి.

సంక్రాంతి నీ సెలవులకి అనుకూలం, ఊరికి కాదు. అప్పటికి మన వైపు మిరపకోతలు అందుకుంటాయి. ముసలావిడ ఆసుపత్రికి వెళ్ళాలంటే తోడుగా కూతురో కోడలో రావాలి, వచ్చిందంటే మూడు రోజుల కూలి పోతుంది. గేదెకి మేత ఎవరు వేస్తారు? పిల్లలకి అన్నం ఎవరు పెడతారు? ఆపరేషన్ ఉచితమైనా ఈ ఖర్చు ఉచితం కాదు. 1976లో డాక్టర్ వెంకటస్వామి రిటైరయ్యాక, కీళ్ళవాతంతో వంకర తిరిగిన వేళ్ళతోనే, మదురైలో పదకొండు పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టారు. ఉచితం అన్నా జనం ఎందుకు రావడం లేదని చూస్తే వాళ్ళకీ ఇదే తేలింది. బస్సు పెట్టి, అన్నం పెట్టి, తిరిగి ఊళ్ళో దింపడం మొదలుపెట్టాక జనం వచ్చారు. కాబట్టి నీ డబ్బులో మొదటి వాటా దీనికి తియ్యి. ఇల్లిల్లూ తిరిగి జాబితా రాసే మనిషికి జీతం, బస్సు, తోడు వచ్చినవాళ్ళకి భోజనం, వాళ్ళ కూలి. మన ఆశా కార్యకర్తకి ఏ ఇంట్లో ఎవరికి కనపడదో తెలుసు. ఆవిణ్ణి కలవకుండా ఏ సంస్థతోనూ మాట్లాడకు.

పరీక్షల దగ్గర తొందరపెట్టకు. టార్చి వేయగానే తెల్లగా మెరిసిన ప్రతి కన్నూ శుక్లం కాదు. కొందరికి నల్లగుడ్డు మీద మచ్చ ఉంటుంది, కొందరికి గ్లకోమాతో నరం ఎండిపోయి ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళకి వెనకాల రెటీనా దెబ్బతిని ఉంటుంది. వాళ్ళకి శుక్లం తీసినా చూపు రాదు, లేదా కొంచెమే వస్తుంది. ఆ మాట ముందే చెప్పాలి. బీపీ, షుగర్ చూడాలి, కన్నీటి దారిలో చీము ఉందేమో చూడాలి, లెన్సు పవరు కోసం కన్ను కొలవాలి. వంద నిండలేదని ఇటువంటివాళ్ళని కూడా బస్సెక్కించే ఆత్రం దాతల ఒత్తిడి వల్లే వస్తుంది. నువ్వు అంకె చెప్పకపోతే ఆ ఆత్రమే ఉండదు.

ఉచితం గనక పాత పద్ధతిలో చేస్తారేమో, ఖరీదైన యంత్రం కొనిద్దామా అని నీకు అనిపించవచ్చు. యంత్రంతో శుక్లాన్ని కరిగించి తీసే ఫేకో ఒక పద్ధతి, చిన్న కోతతో చేత్తో తీసే పద్ధతి ఇంకొకటి. రెండోది తక్కువ రకం కాదు. కాఠ్మాండూలోని తిల్గంగా కంటి ఆసుపత్రిలో డాక్టర్ సందుక్ రుయిత్ బృందం రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి 2007లో ఫలితాలు ప్రచురించింది. చూపు రెండిటిలోనూ బాగానే వచ్చింది, చేతి పద్ధతికి సమయమూ ఖర్చూ తక్కువ అయ్యాయి. మన పల్లెల్లో రాయిలా ముదిరిన శుక్లాలే ఎక్కువ గనక అది మనకి బాగా నప్పుతుంది. ఏ పద్ధతి అన్నది డాక్టరుకి వదిలెయ్యి.

ఇక ఆపరేషన్ తర్వాతి సంగతి. మర్నాడు పొద్దున కట్టు విప్పుతారు. నల్లద్దాలు పెడతారు, చుక్కల సీసా చేతిలో పెడతారు, ఫొటో తీస్తారు, బస్సెక్కిస్తారు. చాలామంది దాతల కథ అక్కడితో అయిపోతుంది. అక్కడ ఆగిపోవడం విత్తనం చల్లి నీళ్ళు పెట్టకుండా వెళ్ళిపోవడమే. ఆ చుక్కలు మొదటి వారం రోజుకి ఆరుసార్లు దాకా వేయాలి, తర్వాత తగ్గించుకుంటూ నెలన్నర వేయాలి. ఒంటరి ముసలావిడ తన కంట్లో తాను చుక్క ఎలా వేసుకుంటుంది? వేసిన చుక్క రెప్ప మీద పడుతుంది, చెంప మీద కారుతుంది, సీసా మూత కింద పడుతుంది, దాన్నే తుడిచి మళ్ళీ పెడుతుంది. పొరుగింటి పిల్లకి నేర్పి, రోజూ వచ్చి వేసేలా ఏర్పాటు చేస్తే ఆ కన్ను నిలబడుతుంది. నొప్పి పెరగడం, ఎరుపెక్కడం, వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. క్రిమి సోకిన కన్ను గంటల్లో పాడవుతుంది. ఫోన్ చేయడానికి ఒక నంబరు, అర్ధరాత్రైనా కదిలే ఒక బండి ఊళ్ళో ఉండాలి. వందమందిలో ఒక్కరికీ అవసరం రాకపోవచ్చు, ఆ డబ్బు దండగైందని అప్పుడు బాధపడకు.

వారం గడిచాక ఒకసారి, నెల గడిచాక మరోసారి తిరిగి చూపించాలి. నెల దాటాక అద్దాలు రాస్తారు. లెన్సు వేసినా చాలామందికి దగ్గరి చూపుకి అద్దాలు కావాలి. సూదిలో దారం ఎక్కించాలన్నా, మందు సీసా మీద అక్షరాలు చదవాలన్నా అవే దిక్కు. దాతల పద్దులో ఈ అద్దాలు ఉండవు. నీ పద్దులో ఉండనివ్వు. నెలలో, ఏళ్ళో గడిచాక కొందరికి లెన్సు వెనక పొర మసకబారుతుంది. “శుక్లం మళ్ళీ వచ్చింది, ఆపరేషన్ పాడైంది” అని ఊరంతా చెప్పుకుంటారు. అది లేజర్‌తో కొద్ది నిమిషాల్లో తీరేది. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక ఎంతమంది మళ్ళీ చీకట్లో కూర్చున్నారో. అన్నిటికంటే ముఖ్యం రెండో కన్ను. శుక్లం సాధారణంగా రెండు కళ్ళకీ వస్తుంది. శిబిరంలో ఒకటే చేస్తారు, అది సరైన పద్ధతే. కానీ రెండోది చేయించే నాటికి దాత ఉండడు, బ్యానరు ఉండదు. యాభై మందికి రెండు కళ్ళూ చేయించు. వంద ఆపరేషన్లే అవుతాయి, లెక్క నీకూ సరిపోతుంది.

నేను చెప్పేది చాదస్తం అనుకోకు. 1990ల చివర హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ వాళ్ళు జనాభా సర్వే చేసి, అప్పటికే శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళ కళ్ళు పరీక్షించారు. అయిదు కళ్ళలో ఒకటికి పైగా 6/60 కూడా చూడలేని స్థితిలో ఉన్నాయి. ఆరు మీటర్ల దూరంలో పెద్ద అక్షరం కూడా ఆనని చూపు అది. రిజిస్టర్లలో మాత్రం అవన్నీ ఆపరేషన్లే, ఒక్కటీ తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సభ 2021లో పెట్టిన లక్ష్యం చూడు, అందులో ఆపరేషన్ల సంఖ్య లేదు. ఆపరేషన్ అవసరమైనవాళ్ళలో ఎందరికి అది జరిగి, మంచి చూపు కూడా వచ్చిందో లెక్కగట్టి, ఆ వాటాని 2030 నాటికి 30 శాతం పాయింట్లు పెంచాలన్నారు. నువ్వు కూడా అదే అడుగు. ఆపరేషన్‌కి ముందు చూపు ఎంత, ఆరు వారాలకి ఎంత, అద్దాలతో ఎంత, చూపు రానివాళ్ళు ఎందరు, ఎందువల్ల? మంచి ఆసుపత్రి ఈ ప్రశ్నకి నొచ్చుకోదు, కాగితం తీసి చూపిస్తుంది. మావాళ్ళందరికీ నూటికి నూరు పాళ్ళు వచ్చేసిందన్నవాళ్ళ దగ్గర జాగ్రత్త.

డబ్బు మాట కూడా చెబుతాను. నీది ఇంకా మన దేశపు పాస్‌పోర్టే అయితే, నీ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, లేదా అక్కడి స్నేహితుల దగ్గర పోగుచేస్తే, అందుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. స్వచ్ఛంద ఆసుపత్రులకి ప్రభుత్వం కూడా ఆపరేషన్‌కి ఇంత అని గ్రాంటు ఇస్తుంది. అందుకే నీ డబ్బు దేనికి, గ్రాంటు దేనికి అని ముందే విడదీసి రాయించుకో. ఇందులో అనుమానించడం ఏమీ లేదు, ఇద్దరికీ మర్యాదే. ఒక్క ఏడాది అయిదు లక్షలు కుమ్మరించడం కంటే ఏడాదికి లక్ష చొప్పున అయిదేళ్ళు ఇవ్వు. శుక్లాలు ఏటా కొత్తవాళ్ళకి వస్తాయి. నీ స్నేహితులు కూడా చెయ్యి వేస్తే దగ్గరి మండలంలో ఒక కంటి కేంద్రానికి ఆసరా ఇవ్వొచ్చు. ఎల్.వి. ప్రసాద్ వాళ్ళు యాభై వేల జనాభాకి ఒకటి చొప్పున అలాంటివి నడుపుతున్నారు. ఆ చుట్టుపక్కల పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెడతారు. శిబిరం సాయంత్రానికి లేచిపోతుంది, ఆ పిల్ల మాత్రం రేపూ ఎల్లుండీ అక్కడే ఉంటుంది.

పచ్చ కట్లతో వరసగా కూర్చోబెట్టి వాళ్ళ మధ్య నువ్వు నిలబడి ఫొటో దిగకు నాయనా. వాళ్ళు ఊళ్ళో నిన్ను ఎత్తుకున్నవాళ్ళు, నీకు పప్పుండలు పెట్టినవాళ్ళు. ఎమ్మెల్యే గారు వచ్చేదాకా పరగడుపున వాళ్ళని ఎండలో కూర్చోబెట్టనివ్వకు. షుగర్ ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదికి వస్తుంది. ఏ కంటికి చేస్తున్నారో, ఏం జరుగుతుందో వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పి, సరేనన్నాకే వేలిముద్ర వేయించమను. వద్దనే హక్కు ఉచితంగా చేయించుకునేవాళ్ళకీ ఉంటుంది. నాయనమ్మ పేరు కావాలంటే అద్దాల పెట్టె మీద చిన్నగా వేయించు.

జాబితాలో మొదటి పేరు నేను చెబుతాను. చెరువు కట్ట కింద ఒంటరిగా ఉండే మంత్రసాని, మీ నాన్నకి పురుడు పోసిన మనిషి. రెండు కళ్ళూ మసకే. అడిగితే వద్దంటుంది. మర్నాడు అడిగినా వద్దంటుంది. విసుక్కోకుండా మూడోసారి ఆవిడ గుమ్మంలోకి వెళ్ళే మనిషిని ముందు కుదుర్చుకో. డాక్టర్లకి ఫోన్ ఆ తర్వాత చేద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ